చదరపు అడుగు లెక్క

(కమ్యూనిటీ రేడియోలో ఆదివారం తెలుగు కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

క్రితంసారి నేను మాట్లాడినప్పుడు పాత కంప్యూటర్ల గురించి చెప్పాను. ఈసారి కోళ్ళ గురించి చెబుతానంటే మన కార్యక్రమం నడిపే పెద్దాయన నవ్వారు. "సాఫ్ట్‌వేర్ వాడివి, నీకెందుకయ్యా కోళ్ళ గొడవ?" అన్నారు. గొడవ ఉందండీ. నా ఎంసీఏ ఫీజు కట్టింది కోళ్ళే.

మాది పెద్దాపురం దగ్గర ఒక ఊరు. నాన్నకి ఐదు వేల చదరపు అడుగుల బ్రాయిలర్ షెడ్డు ఉంది. పిల్లలు, మేత, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, చాకిరీ మావి. నలభై రోజులు దాటాక లారీ వచ్చి కోళ్ళని ఎత్తుకుపోతుంది, కిలోకింత చొప్పున మాకు డబ్బు పడుతుంది. చదరపు అడుగుకి ఒక కోడి, అంటే బ్యాచ్‌కి ఐదు వేలు. చిన్నప్పుడు బ్రూడర్ బల్బుల కింద పసుపుపచ్చ పిల్లల మధ్య కూర్చుని హోంవర్క్ చేసుకున్న రోజులు నాకింకా గుర్తే.

రెండు నెలల క్రితం నాన్న ఫోన్ చేశాడు. పాత షెడ్డు పడగొట్టి ఈసీ షెడ్డు వేద్దామంటాడు. అంటే నాలుగు వైపులా మూసేసి, ఒక చివర తడిసే ప్యాడ్లు, ఇంకో చివర పెద్ద ఫ్యాన్లు పెట్టే షెడ్డు. "అదే చోట్లో ఏడున్నర వేలు పెంచొచ్చురా. బ్యాంకు లోను కొంత వస్తుంది, మిగతాది నువ్వు సర్దాలి" అన్నాడు. సరే పంపుతాను అనబోయి ఆగాను. ఎందుకు ఆగానో అప్పుడు నాకే తెలియలేదు. నేనుండేది రెడింగ్‌లో. ఇలా మూసేసిన షెడ్లు మనకంటే ఎంతో ముందే చూసిన దేశం ఇది. వీళ్ళు ఏం చేశారో, ఏం అనుకున్నారో తెలుసుకుని జవాబు చెబుదామని చదవడం మొదలుపెట్టాను. చదివినదాంట్లో కొంత మీతో పంచుకుంటాను.

జంతువుల్ని హింసించకూడదని ఈ దేశంలో పార్లమెంటు మొదటిసారి చట్టం చేసింది 1822లో. రిచర్డ్ మార్టిన్ అనే ఐరిష్ సభ్యుడు పట్టుబట్టి చేయించాడు. గుర్రాలు, గాడిదలు, ఆవులు, ఎద్దులు, గొర్రెలు అందులో ఉన్నాయి. కోళ్ళు లేవు. జరిమానా పది షిల్లింగుల నుంచి ఐదు పౌన్ల దాకా. చట్టమైతే వచ్చింది గానీ పట్టుకునేవాడేడీ? రెండేళ్ళ తర్వాత, 1824లో, లండన్‌లో ఒక కాఫీ హోటల్లో కొందరు కూర్చుని దానికోసం ఒక సంఘం పెట్టారు. బానిస వ్యాపారం మీద పోరాడిన విల్బర్‌ఫోర్స్ కూడా అందులో ఉన్నాడు. ఈనాడు మనం ఆర్ఎస్‌పీసీఏ అని పిలిచేది ఆ సంఘాన్నే.

అప్పటి క్రూరత్వం అంతా వీధిలోనే ఉండేది. స్మిత్‌ఫీల్డ్ సంతకి పశువుల్ని లండన్ నడిబొడ్డు వీధుల్లోంచి కర్రలతో కొడుతూ తోలుకొచ్చేవారు. బురద, రక్తం, అరుపులు, అన్నీ జనం కళ్ళముందే. 1855లో ఆ పశువుల సంతని ఊరికి ఉత్తరాన ఇస్లింగ్టన్‌కి మార్చేశారు. మంచిదే. కానీ నాకొకటి అనిపించింది. పశువు కంటికి కనబడినన్నాళ్ళూ దాని తరఫున మాట్లాడేవాడు ఎవడో ఒకడు పుట్టుకొచ్చాడు. కనబడకుండా పోయాక ఏమైంది? ఆ ప్రశ్నకి జవాబు కోసం ఇంకో వందేళ్ళు ముందుకి రావాలి.

రెండో ప్రపంచయుద్ధంలో ఈ దేశం తిండికి కటకటలాడింది. యుద్ధం అయిపోయినా రేషన్ పోలేదు. మాంసం మీద రేషన్ ఎత్తేసింది 1954 జులైలో, అంటే యుద్ధం ముగిసి తొమ్మిదేళ్ళయ్యాక. ఇక ఎప్పటికీ తిండికి లోటు రాకూడదని 1947లోనే వ్యవసాయ చట్టం చేశారు. రైతుకి గిట్టుబాటు హామీ, దానికి బదులుగా ఎక్కువ పండించాలి, ఎక్కువ పెంచాలి. ఆకలి చూసినవాళ్ళ నిర్ణయం అది. మనం ఎగతాళి చెయ్యడానికి లేదు. మన ఊళ్ళలో ఆకలి చూసిన తాతలూ ఇలాగే ఆలోచించారు కదా.

అప్పటిదాకా ఇక్కడ కోడిమాంసం పండగనాటి తిండి. ఆంటొనీ ఫిషర్ అనే ఆయన 1952లో అమెరికా వెళ్ళి, అక్కడ ఒకే కప్పు కింద వేలాది కోళ్ళు పెంచడం చూసి వచ్చాడు. ససెక్స్‌లో బక్స్‌టెడ్ అనే ఊరి పేరుతో కంపెనీ పెట్టాడు. ఆయన్నీ, ఆయన దారిలో నడిచినవాళ్ళనీ తలుచుకోకుండా ఈ దేశపు కోడికూర కథ చెప్పలేం. పదిహేనేళ్ళు తిరిగేసరికి కోడి మామూలువాడి ఆదివారం భోజనంలోకి దిగింది. పంది, దూడ, గుడ్లకోడి, అన్నీ పొలం మీంచి షెడ్డులోకి వెళ్ళాయి. తలుపు మూసుకుంది.

ఆ తలుపు తీసినావిడ పేరు రూత్ హారిసన్. 1920లో పుట్టింది. తండ్రి రచయిత, మొదటి ప్రపంచయుద్ధంలో ఆయుధం పట్టనని జైలుకెళ్ళినవాడు. తల్లి చిత్రకారిణి. ఇంటిల్లిపాదీ శాకాహారులు. ఆవిడ శాస్త్రవేత్త కాదు, రైతు కాదు. నాటకకళ చదువుకుంది, పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని పెంచుకుంటోంది. ఒకరోజు తలుపు సందులోంచి ఒక కరపత్రం ఇంట్లో పడింది. దూడల్ని చీకటి పెట్టెల్లో పెట్టి పెంచుతున్నారని అందులో ఉంది. ఆవిడ మొదట, నేను మాంసం తినను కదా, నాకెందుకు అనుకుందట. తర్వాత ఆ మాటే ఆవిణ్ణి కుదురుగా ఉండనివ్వలేదు. తిననంత మాత్రాన బాధ్యత తీరిపోతుందా అని బయల్దేరింది.

ఊరూరా తిరిగి షెడ్లు చూసింది, రైతుల వ్యాపార పత్రికలు చదివింది, అధికారులకి ఉత్తరాలు రాసింది. 1964 మార్చిలో పుస్తకం వచ్చింది. పేరు 'యానిమల్ మెషీన్స్'. ముందుమాట రాసింది ఎవరనుకున్నారు? పురుగుమందుల మీద 1962లో 'సైలెంట్ స్ప్రింగ్' రాసిన రేచల్ కార్సన్. ఆవిడ అప్పటికే క్యాన్సర్‌తో ఉంది. ఆ పుస్తకం వచ్చిన మరుసటి నెలలోనే పోయింది.

హారిసన్ చూసినవి కొన్ని చెబుతాను. మాంసం తెల్లగా ఉంటే హోటళ్ళలో రేటు ఎక్కువ. తెల్లగా ఉండాలంటే దూడకి రక్తం పట్టకూడదు. అందుకని ఇనుము లేని పాలపొడి నీళ్ళ మీదే ఉంచేవారు. గడ్డి లేదు. వెనక్కి తిరగడానికి వీల్లేని చెక్కపెట్టె. కోళ్ళని ఒకదాని రెక్క ఒకదానికి తగిలేలా తీగబోనుల్లో కుక్కి ఉంచేవారు. ఇందులో ఏదీ చాటుమాటుగా చేసింది కాదు. అప్పటి చట్టం 1911 నాటిది. అది 'అనవసరమైన' బాధ పెట్టొద్దంటుంది. తక్కువ ధరకి తిండి అవసరమే కదా, కాబట్టి ఆ బాధ అవసరమైనదే అయిపోయింది! కర్రతో కొట్టినవాణ్ణి పట్టుకోవడానికి చేసిన చట్టానికి పెట్టెలో పెట్టినవాడు కనబడలేదు.

పుస్తకంలోని భాగాలు 'అబ్జర్వర్' పత్రికలో వచ్చేసరికి దేశమంతా గగ్గోలెత్తింది. మూడు నెలల్లో ప్రభుత్వం కమిటీ వేసింది. అధ్యక్షుడు బాంగర్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ప్రొఫెసర్ రోజర్స్ బ్రాంబెల్. పక్షుల పాటల మీద పరిశోధన చేసిన కేంబ్రిడ్జి శాస్త్రవేత్త థార్ప్ కూడా సభ్యుడు. 1965 డిసెంబరులో నివేదిక ఇచ్చారు. అందులో చెప్పిన కనీసపు అవసరాలు వింటే మీకు నవ్వొస్తుందో ఏడుపొస్తుందో. జంతువు ఇబ్బంది లేకుండా వెనక్కి తిరగగలగాలి. ఒళ్ళు శుభ్రం చేసుకోగలగాలి. లేవగలగాలి. పడుకోగలగాలి. కాళ్ళూ రెక్కలూ చాపుకోగలగాలి. అంతే. ఈ ఐదూ రాసి చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోండి.

ఇదే తర్వాత 'ఐదు స్వేచ్ఛలు' అయింది. 1979లో ఏర్పడిన ప్రభుత్వ సలహామండలి దాన్ని విస్తరించింది. ఆకలిదప్పుల నుంచి విముక్తి, అసౌకర్యం నుంచి విముక్తి, నొప్పి, గాయం, జబ్బుల నుంచి విముక్తి, తన సహజమైన పనులు చేసుకునే స్వేచ్ఛ, భయం, వేదనల నుంచి విముక్తి. ప్రపంచంలో చాలా దేశాల పశుసంక్షేమ నియమాలు చూస్తే లోపల ఈ ఐదే కనిపిస్తాయి.

నివేదిక రాగానే అన్నీ మారిపోయాయని అనుకోకండి. 1968లో వచ్చిన చట్టం కమిటీ అడిగినంత ఇవ్వలేదు. బోనుల కొలతలు చట్టంలో పెట్టకుండా, పాటించమని మార్గదర్శకాలు రాసి ఊరుకున్నారు. హాంప్‌షైర్‌లో పాడిరైతు పీటర్ రాబర్ట్స్ 1967లో 'కంపాషన్ ఇన్ వరల్డ్ ఫార్మింగ్' అనే సంస్థ పెట్టాడు. మా ఇంటినుంచి గంట ప్రయాణం ఆ చోటు. దూడల పెట్టెల మీద ఆయన 1984లో కోర్టుకెళ్ళి ఓడిపోయాడు. ఓడినా ఆ కేసుతో సంగతి ఊరూరా పాకింది. 1990లో ఆ పెట్టెలు ఈ దేశంలో నిషేధమయ్యాయి. చూలు పందుల్ని కదలనివ్వని ఇనుప గదులు 1999లో పోయాయి. మామూలు బ్యాటరీ బోనులు ఐరోపా సమాఖ్య అంతటా 2012లో పోయాయి. పుస్తకానికీ దీనికీ మధ్య నలభై ఎనిమిదేళ్ళు! హారిసన్ చివరిదాకా సలహాసంఘాల్లో కూర్చుని వాదిస్తూనే ఉంది. 2000లో పోయింది. బోనుల నిషేధం చూడలేదు.

ఇక్కడ నా వృత్తికి దగ్గరైన కథ ఒకటుంది. కోడికి ఏ నేల సుఖమో బ్రాంబెల్ కమిటీ తనే ఊహించింది. సన్నతీగతో అల్లిన ఆరుకోణాల జాలీ కాళ్ళకి బాధ, వాడకండి అని రాసింది. 1973లో హ్యూస్, బ్లాక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రకరకాల నేలలు పక్కపక్కన పెట్టి కోళ్ళనే ఎంచుకోనిచ్చారు. కోళ్ళు ఎక్కువసేపు నిలబడింది ఆ సన్నజాలీ మీదే. అది పాదానికి ఎక్కువచోట్ల ఆనుతుంది మరి. యూజర్ని అడక్కుండా రిక్వైర్‌మెంట్స్ రాసేస్తే ఏమవుతుందో మన ఐటీ వాళ్ళకి వేరే చెప్పాలా? పెద్ద ప్రొఫెసర్లు కూడా అదే తప్పు చేశారు.

కోడిని అడగడం నేర్చుకున్నాక ఇంకో సంగతి బయటపడింది. 2000లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్ళు కుంటుతున్న బ్రాయిలర్లకీ, బాగున్న వాటికీ రెండు రకాల మేత పెట్టారు. ఒకదాంట్లో నొప్పి తగ్గించే మందు కలిపారు. కుంటి కోళ్ళు మందున్న మేతే ఎక్కువ తిన్నాయి. కుంటు ఎక్కువైన కొద్దీ మరింత తిన్నాయి. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్ఫై రోజులు దాటాక మా షెడ్డులో కొన్ని కోళ్ళు కూర్చున్నచోటి నుంచి లేచేవి కావు. "బరువెక్కువైంది, అంతే" అనేవాడు నాన్న. నేనూ అంతే అనుకునేవాణ్ణి.

బరువెందుకు ఎక్కువైంది? కెనడాలో ఆల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు 1957 నాటి జాతినీ, 1978 నాటి జాతినీ, 2005 నాటి జాతినీ ఒకేచోట, ఒకే మేతతో పెంచి 2014లో ఫలితాలు ప్రకటించారు. యాభై ఆరు రోజులకి మొదటిది 905 గ్రాములు, రెండోది 1,808 గ్రాములు, మూడోది 4,202 గ్రాములు తూగాయి. మేత అదే, రోజులు అవే. మారింది కోడి. అంటే సగం కష్టం షెడ్డులో లేదు, గుడ్డులోనే ఉంది. ఎంత మంచి షెడ్డు వేసినా ఆ కాళ్ళు ఆ ఒంటిని మోయాల్సిందే.

మన దేశం సంగతి కూడా చెప్పాలి. భరతనాట్యానికి గౌరవం తెచ్చిన రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభ సభ్యురాలిగా 1953లో జంతుహింస మీద బిల్లు పెట్టింది. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ హామీ ఇచ్చాక వెనక్కి తీసుకుంది. ఆ చట్టం 1960లో వచ్చింది. హారిసన్ పుస్తకానికి నాలుగేళ్ళ ముందే! జంతువు కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో పెట్టడం నేరం అని అందులో స్పష్టంగా ఉంది. మొదటిసారి పట్టుబడితే జరిమానా? పది నుంచి యాభై రూపాయలు. 1822 నాటి ఐదు పౌన్లే నయం. జల్లికట్టు కేసులో 2014లో సుప్రీంకోర్టు ఈ ఐదు స్వేచ్ఛల్ని ప్రస్తావించింది. ఆ ఆటకి అనుమతినిచ్చిన రాష్ట్ర సవరణల్ని 2023లో కోర్టే సమర్థించింది, అది వేరే కథ. గుడ్లకోళ్ళ, బ్రాయిలర్ల పెంపకం మీద 2017లో లా కమిషన్ ఏకంగా ఒక నివేదికే ఇచ్చింది. మనకి కాగితం తక్కువ కాలేదు.

సరే, మళ్ళీ మా షెడ్డు దగ్గరికి వద్దాం. చదవడం అయ్యాక కాలిక్యులేటర్ తీశాను. ఇంగ్లండ్‌లో బ్రాయిలర్ షెడ్డుకి చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి చదరపు మీటరుకి 39 కిలోలు. సంక్షేమ సంఘాలు అడుగుతున్నది 30 కిలోలు. మరి మా నాన్న షెడ్డు? చదరపు మీటరంటే పదిన్నర అడుగుల పైమాట. కోడి రెండుంపావు కిలో అనుకోండి. లెక్కేస్తే 24 కిలోలు వచ్చింది. మళ్ళీ వేశాను. 24 కిలోలే. ఇక్కడి చట్టం కంటే, ఇక్కడి ఉద్యమకారులు అడిగేదానికంటే, పెద్దాపురం దగ్గర మా నాన్న ఎక్కువ చోటు ఇస్తున్నాడన్నమాట!

సంతోషం పట్టలేక ఫోన్ చేసి చెప్పాను. నాన్న నవ్వాడు. "జాలి కాదురా అబ్బాయ్, ఎండ. మే నెల్లో అంతకంటే దగ్గరగా పెడితే గుండాగి చస్తాయి" అన్నాడు. అదీ సంగతి. ఇన్నాళ్ళూ మా కోళ్ళకి చోటిచ్చింది చట్టం కాదు, దయ కాదు, గోదావరి ఎండ. వేసవిలో గోనెపట్టాలు తడిపి కట్టేవాళ్ళం. అయినా మధ్యాహ్నం పూట నోళ్ళు తెరుచుకుని రొప్పుతూ వందలు చచ్చేవి. ఆ కళేబరాలు గోతిలో పోసింది నేనే. ఈసీ షెడ్డు వస్తే ఆ చావు ఉండదు. చల్లగా ఉంటాయి. కానీ ఎండ పెట్టిన హద్దు పోతుంది. ఏడున్నర వేలంటే చదరపు మీటరుకి 36 కిలోలు. ఇంగ్లండ్‌లో చట్టబద్ధమే! 1950లలో ఇక్కడ తలుపు మూసినప్పుడు జరిగింది సరిగ్గా ఇదే. చలి, వాన, నక్క, జబ్బు నుంచి కాపాడతామనే మూశారు. కాపాడారు కూడా. ఆ తర్వాతే కుక్కారు.

"నాన్నా, ఈసీ షెడ్డే వేద్దాం. కానీ ఐదు వేలే పెంచుదాం" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "పిల్లలెన్ని దింపాలో కంపెనీ వాడు చెబుతాడురా, నేను కాదు. పోనీ వాడు ఒప్పుకున్నాడే అనుకో. ఈఎంఐ ఎవడు కడతాడు?" అన్నాడు.

ఆ ప్రశ్నకి ఈ దేశం కూడా నలభై ఎనిమిదేళ్ళు తడుముకుంది. 1999లో పందుల గదులు నిషేధించినప్పుడు ఇక్కడి రైతుకి ఖర్చు పెరిగింది. అవే గదులు వాడే దేశాల నుంచి మాంసం చవగ్గా దిగింది. తర్వాతి పదేళ్ళలో ఇక్కడి తల్లిపందుల మంద దాదాపు సగానికి పడిపోయింది. కారణాలు ఇంకా ఉన్నాయి, జబ్బులు, మారకపు రేటు వగైరా. కానీ చట్టం మెచ్చుకున్న జనమే అంగట్లో చవకది కొన్నారన్నది నిజం. చోటుకి ఖరీదుంది. అది ఎవరో ఒకరు కట్టాలి. రైతు కట్టకపోతే తినేవాడు కట్టాలి, వాడూ కట్టకపోతే కోడి కడుతుంది. కాళ్ళతో కడుతుంది.

నేను కోడి తింటాను. మానేశానని మీకు అబద్ధం చెప్పను. నా డిగ్రీ, నా వీసా, ఈ మైకు ముందు కూర్చునే అవకాశం, అన్నిటి కిందా ఆ ఊక పరిచిన నేల ఉంది. అందుకే ఆ తేడా నేను కట్టాలనిపించింది. ఐదు వేలకీ ఏడున్నర వేలకీ మధ్య బ్యాచ్‌కి ఎంత తగ్గుతుందో నాన్న దగ్గర లెక్క తీసుకున్నాను. మూడేళ్ళు నేను పంపుతానన్నాను. "కోళ్ళకి పెన్షన్ ఇస్తావేంట్రా" అని మొదట కసురుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత తనే ఫోన్ చేశాడు. ఐదు వేలకి కంపెనీ సూపర్‌వైజర్ ఒప్పుకోలేదట. బేరమాడితే ఆరు వేల దగ్గర ఆగాడట. నేను మళ్ళీ లెక్కేశాను. 29 కిలోలు. ముప్ఫైకి లోపలే.

ఇది విజయమని చెప్పను. ఆ ఆరు వేలూ అవే త్వరగా పెరిగే కోళ్ళు, అవే కాళ్ళు. మూడేళ్ళ తర్వాత ఏమవుతుందో నాకూ తెలీదు. పునాది తవ్వకం వచ్చే నెల మొదలవుతుంది. గోడలో రెండు కిటికీలు పెట్టమని నాన్నని అడిగాను. ఈసీ షెడ్డుకి కిటికీలేంట్రా, గాలి లీకవుతుంది అన్నాడు. తెరవక్కర్లేదు, అద్దాలు బిగించు చాలు, బయటినుంచి లోపలికి కనబడాలి అన్నాను. ఇంకా ఒప్పుకోలేదు. అడుగుతూనే ఉన్నాను.